ఉచిత ప్రసారములకు ఏ పెట్టె కొనవలెను?

(సంఘ మాసిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నాలుగు మాటలు చెప్పవలెనని కార్యదర్శిగారు కోరినపుడు, వారి మనస్సులో ఏదో కావ్య విషయము ఉండియుండునని తలచి, సంతోషముతో ఒప్పుకొన్నాను. మరునాడు ఆఫీసు మెట్లమీద కలిసి వారు చెప్పిన విషయము వేరు. మన సభ్యులలో నలుగురు ఒక్క మాసములోనే నాలుగు రకముల సెట్‌టాప్ బాక్సులు కొని, నాలుగు విధముల బాధపడుచున్నారట. "మీరు కూడ ఒకసారి మోసపోయినారు గదా, ఆ సంగతి చెప్పండి చాలును" అన్నారు. పాండిత్యమునకు గాక, మోసపోయిన అనుభవమునకు వేదిక ఎక్కించుట మన సంఘ చరిత్రలో ఇదే మొదటిసారి కావచ్చును. నేను ఇంజనీరును కాను. ఫైళ్ళమధ్య బ్రతికినవాడను. కావున నాకు అర్థమైన మేరకు, మన భాషలో, మన ఆఫీసు పోలికలతోనే చెప్పెదను.

మొదట ఉచిత ప్రసారమనగా ఏమి? మనలో పెద్దవారికి ఇంటి పైకప్పుమీద చేపముల్లువలె నిలిచిన అల్యూమినియపు యాంటెనా జ్ఞాపకముండును. గాలి వీచినప్పుడెల్ల ఇంటిలో ఒకరు పైకెక్కి త్రిప్పుట, క్రిందినుండి మరొకరు "వచ్చింది, వచ్చింది, పోయింది!" అని కేకలు వేయుట మనకు తెలియని కథ కాదు. ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న ప్రయోగాత్మకముగా మొదలైన ఆ నేలమీది ప్రసారము, హైదరాబాదునకు 1977లో వచ్చినది. ఆ పాత పద్ధతి ట్రాన్స్‌మిటర్లను దూరదర్శన్ క్రమక్రమముగా మూసివేసినది. 2022 నాటికి కొన్ని ముఖ్య స్థలములు తప్ప దాదాపు అన్నియు మూతబడినవి. కావున నేడు చందా లేకుండ టెలివిజన్ చూడగోరు సామాన్య గృహస్థునకు ప్రధానమైన మార్గము ఆకాశమునుండియే. దాని పేరు డి.డి. ఫ్రీ డిష్.

ఇది 2004 డిసెంబరు 16న డి.డి. డైరెక్ట్ ప్లస్ అను పేర 33 ప్రసారములతో ఆరంభమైనది. 2014లో ఇప్పటి పేరు పెట్టినారు. 2015 నవంబరులో దక్షిణ అమెరికాలోని కౌరూ నుండి పైకి పంపిన మన జీశాట్-15 ఉపగ్రహము, భూమధ్యరేఖకు ఎగువన 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమున నిలిచి, ఈ ప్రసారములను దేశమంతటికిని వర్షించుచున్నది. నాలుగు కోట్లకు పైబడిన ఇండ్లలో ఈ ఏర్పాటు ఉన్నదని అంచనా. గొడుగు, పెట్టె, తీగ అన్నియు కలిపి ఒకే ఒక్కసారి రెండువేల రూపాయల ప్రాంతమున వ్యయమగును. ఆపైన నెలనెలా ఇయ్యవలసినది లేదు. ఈ మాటను గట్టిగా చెప్పుచున్నాను. ఎవరైన మీ ఇంటికి వచ్చి, "ఫ్రీ డిష్‌కు నెలకు ఇంత" యని అడిగినచో, ఆ డబ్బు అతని జేబులోనికి పోవునని గ్రహించవలెను.

ఇక్కడ చిన్న ప్రక్కదారి. ఉపగ్రహము నుండి నేరుగా ఇంటికి బొమ్మ దిగుట మన దేశమున 2004లో పుట్టిన వింత కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు, అమెరికావారి ఏ.టి.ఎస్-6 ఉపగ్రహమును ఒక సంవత్సరము ఎరువు తెచ్చుకొని, ఆరు రాష్ట్రములలో 2,400 పల్లెలకు ప్రసారములు పంపినారు. ఆ ఆరింటిలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఢిల్లీ, బొంబాయి తప్ప మరి కొన్ని పట్టణములకే టెలివిజన్ ఉన్న ఆ రోజులలో, మన పల్లెల రచ్చబండల దగ్గర జనము తెలుగు కార్యక్రమములు చూచినారు. నాడు ఒక్కొక్క పల్లెలో నిలిపిన గొడుగు మూడు మీటర్ల వెడల్పు కలది. కోళ్ళగూటికి వేయు ఇనుప వలతో చేసినది. నేడు మన బాల్కనీలో అమర్చునది అరవై సెంటీమీటర్లు. నాటి ప్రసారపు తరంగముల పౌనఃపున్యము 860 మెగాహెర్ట్స్. నేటివి దానికి పదిరెట్లు మించినవి. పౌనఃపున్యము పెరిగినకొలది గొడుగు చిన్నదైనను సరిపోవును. కాని అదే కారణమున వానకు ఓర్వలేని గుణమును వచ్చినది. జోరువానలో బొమ్మ ముక్కలు ముక్కలై పోవుట పెట్టె దోషము కాదు. పది నిమిషములు పకోడీలు తినుచు కూర్చున్నచో తిరిగి వచ్చును.

ఇక నా కథ. నాలుగేండ్ల క్రిందట మా నాయనగారు పోయిన పిమ్మట, తెనాలి ప్రాంతమున ఒంటరిగా ఉన్న మా అమ్మను ఇక్కడికి తీసికొని వచ్చినాను. ఎనుబది యేండ్ల మనిషి. తెలుగు తప్ప వేరొక భాష రాదు. మేమిద్దరము ఉద్యోగములకు పోయిన తరువాత, ఉదయము తొమ్మిది మొదలు సాయంకాలము ఆరున్నర వరకు ఆ రెండవ అంతస్తు క్వార్టరులో ఆమెకు మాట్లాడు మనిషి లేడు. అదే సమయమున మా పెద్దవాని చదువు ఒక ఊర, చిన్నవాని చదువు ఒక ఊర. ఖర్చులు కుదించుకొను ప్రయత్నములో, అంతవరకు ఉన్న కేబుల్ కనెక్షను తీసివేసినాను. నెలకు మూడువందలు మిగులుననియు, దూరదర్శన్ తెలుగు ప్రసారములు ఎట్లును ఉచితముగా వచ్చుననియు నా లెక్క. లెక్క వ్రాయుట నాకు వృత్తి గదా. తప్పు పోదని నమ్మినాను.

బజారులో ఒక దుకాణమునకు పోయి "ఫ్రీ డిష్ పెట్టె" యని అడిగినాను. అంతకు మించి ఏమి అడుగవలెనో నాకు తెలియదు. దుకాణదారుడు దుమ్ము తుడిచి ఒక అట్టపెట్టె ఇచ్చినాడు. అతడే పంపిన కుర్రవాడు గొడుగు బిగించి, తెరపై నలుగురు పోట్లాడుకొను హిందీ చర్చ ఒకటి రాగానే, "హో గయా సాబ్" అని వెడలిపోయినాడు.

మూడు వారములు గడచినవి. అమ్మ ఏమియు అనలేదు. ఒక ఆదివారము నేను ఇంటనున్నపుడు, ఆమె తెర ఎదుట కూర్చుండి, శబ్దము పూర్తిగా తగ్గించి, బొమ్మను మాత్రము చూచుచుండెను. "శబ్దము పెట్టుకోవేమి అమ్మా?" అంటిని. "ఎందుకురా, అందరూ హిందీలోనే అరుచుకుంటున్నారు. మనవాళ్ళెవరూ రావడం లేదు. కనీసం చీరలైనా చూద్దామని" అన్నది. మిగిలిన మూడువందలు నాకు అప్పుడు గుర్తు వచ్చినవి.

మా పొరుగున ఒక ఒరియా మిత్రుడు ఉన్నాడు. నాకంటె చిన్నవాడు, చేతి పనియందు దిట్ట. అతనిని పిలిచినాను. అతడు రిమోటు అందుకొని, పెట్టెలోని జాబితాను చెరిపివేసి, మరల మొదటినుండి వెదకించినాడు. పది నిమిషములలో డి.డి. సప్తగిరియు, డి.డి. యాదగిరియు తెరపైకి వచ్చినవి! సంగతేమనగా, పెట్టెలో కర్మాగారమున నింపి పంపిన జాబితా ఎన్నడో పాతబడినది. ఈ ఉచిత వేదికలో ప్రైవేటు ప్రసారములకు స్థానములు వేలము ద్వారా కేటాయించబడును. వేలము జరిగినపుడెల్ల కొన్ని పోవును, కొన్ని వచ్చును, కొన్ని స్థానము మారును. మన పెట్టెకు ఆ సంగతి దానంతట అది తెలియకపోవచ్చును. కావున రెండు మూడు నెలలకొకసారి జాబితాను క్రొత్తగా వెదకించుట అలవాటు చేసికొనవలెను. మన నలుగురు మిత్రులలో ఇద్దరి బాధ ఈ ఒక్క పనితోనే తీరునని నా ఊహ.

అమ్మ సంతోషించినది. కాని ఒరియా మిత్రుడు తల ఆడించుచునే ఉన్నాడు. తన ఇంట కనిపించు ప్రసారములు అనేకము మా పెట్టెలో ఎంత వెదకించినను రాలేదు. ఒకే ఉపగ్రహము, ఒకే గోడకు అటు ఇటు రెండు గొడుగులు. మరి ఈ భేదమెందుకు? అసలు విషయము ఇక్కడ ఉన్నది. దయచేసి కొంచెము శ్రద్ధగా వినవలెను.

మనలో స్టెనోగ్రాఫర్లు ఉన్నారు గదా. ఆఫీసరు చెప్పునది పూర్తి అక్షరములలో వ్రాసినచో ఎవరికిని చేయి ఆడదు. అందుకే శీఘ్రలిపి. టెలివిజన్ బొమ్మయు అంతే. దానిని ఉన్నదున్నట్లు పంపవలెనన్న ఉపగ్రహమున చోటు చాలదు. కావున దానిని కుదించి, ఒక విధమైన శీఘ్రలిపిలో వ్రాసి పంపుదురు. ఆ లిపులలో పాతదాని పేరు ఎంపెగ్-2, క్రొత్తదాని పేరు ఎంపెగ్-4. క్రొత్త లిపిలో అదే బొమ్మ దాదాపు సగము చోటిలో ఇముడును. ఇంటిలోని పెట్టె చేయు పని, ఆ లిపిని మరల బొమ్మగా చదివి ఇచ్చుటయే. క్రొత్త లిపి నేర్చిన పెట్టె పాతదానిని కూడ చదువగలదు. పాత లిపి మాత్రమే నేర్చినది క్రొత్తదాని ముందు నోరు తెరచి నిలుచును. ఫ్రీ డిష్‌లో రెండు లిపుల ప్రసారములును కలవు. దుకాణదారుడు నాకు అంటగట్టినది పాత లిపి పెట్టె. అతనిని పూర్తిగా నిందించుటకు కూడ వీలులేదు. నేను అడిగినది "ఫ్రీ డిష్ పెట్టె" యని మాత్రమే, అతడు ఇచ్చినదియు ఫ్రీ డిష్ పెట్టెయే.

కావున దుకాణమున మొదటి ప్రశ్న ఇది: "ఇది ఎంపెగ్-4 పెట్టెయా?" నోటిమాటతో తృప్తి పడరాదు. అట్టపెట్టె మీద ఎంపెగ్-4 అనియు, డి.వి.బి.-ఎస్2 అనియు అచ్చయి ఉండవలెను. రెండవది, తరంగము నుండి సమాచారమును ఏరుకొను పద్ధతి పేరు. చివరనున్న ఆ రెండు అంకె ముఖ్యము. అది లేనిది పాత తరమునకు చెందినది. ధరలో భేదము స్వల్పమే. వందో రెండువందలో మిగులునని పాతదానిని కొనుట, వచ్చే ఏట మరల కొనుటకు బయానా ఇచ్చుటయే.

రెండవ ప్రశ్న తయారీదారుని గూర్చినది. ప్రసారభారతి ఐ-క్యాస్ అను స్వదేశీ ఏర్పాటు గల పెట్టెలను తయారుచేయుటకు కొందరు తయారీదారులకు అధికారమిచ్చినది. మన ఆఫీసు పోలికతో చెప్పవలెనన్న, సాధారణ ప్రసారము తెరచిన కవరు, ఎవరైన చదువవచ్చును. సీలు వేసిన కవరును విప్పుటకు తగిన తాళము పెట్టెలో ఉండవలెను. ఐ-క్యాస్ అట్టి తాళము. దానికిని చందా లేదు. బజారులో తాళము లేని చవుక పెట్టెలు కోకొల్లలుగా దొరకును. తెరచిన కవర్లను అవియు చదువును. ఎక్కువకాలము ఉంచుకొనదలచినవారు అధికారిక జాబితాలోని తయారీదారుని పెట్టెయే కొనుట మేలని నా అభిప్రాయము. ఆ జాబితా ప్రసారభారతివారు ప్రకటించుచునే యుందురు. వారంటీ కాగితముపై దుకాణము ముద్ర వేయించుకొనుట మరువవలదు. నా మొదటి పెట్టెకు ముద్ర లేదు. కావున మార్చి ఇమ్మని అడుగుటకు నాకు నోరు లేకపోయినది.

చాలమంది అడుగు ప్రశ్న ఒకటి కలదు. "మా ఇంట ప్రైవేటు కంపెనీవారి పాత డి.టి.హెచ్. పెట్టె మూలబడి ఉన్నది, అది పనికిరాదా?" అని. ఆ పెట్టెలు ఆయా కంపెనీల ప్రసారములకే కట్టుబడి తయారైనవి. వాటిమీద ఆశ పెట్టుకొనవలదు. వారి గొడుగు మాత్రము పనికివచ్చును. దానిని 93.5 డిగ్రీల వైపు త్రిప్పి, దాని ముందరి ఎల్.ఎన్.బి. తగినదో కాదో పనివానిచేత చూపించుకొన్నచో కొంత ఖర్చు తగ్గును.

గొడుగు ప్రస్తావన వచ్చినది గనుక దిక్కు సంగతి చెప్పెదను. ఢిల్లీ నుండి చూచినచో ఈ ఉపగ్రహము ఆగ్నేయ మూలన, నేలనుండి సుమారు 52 డిగ్రీల ఎత్తున ఉండును. హైదరాబాదు నుండి అయినను, విశాఖపట్టణము నుండి అయినను ఆగ్నేయమే. కాని అక్కడ 63, 66 డిగ్రీల ఎత్తు. వంటయిల్లు ఏ మూల ఉండవలెనని మన పెద్దలు చెప్పుదురో, ఆ మూలయే. గొడుగు మాత్రము అంత పైకి చూచుచున్నట్లు కనుపించదు; దాని ఆకృతి వలన నిటారుగా నిలిచినట్లుండును. అది చూచి తప్పుగా బిగించినారని పనివానితో తగవు పెట్టుకొనవలదు. మీ క్వార్టరు బాల్కనీ వాయవ్యమునకు తెరచి ఉన్నదా, లేక ఎదుట వేపచెట్టు ఉన్నదా, పెట్టె కొనకముందే చూచుకొనవలెను. ఆకాశము కనబడనిచో ఎంత మంచి పెట్టెయైనను నిరుపయోగము. అట్టివారికి మేడపైకప్పే గతి. ప్రభుత్వ భవనములలో గోడకు రంధ్రము వేయుటకు ముందు అనుమతి పొందుట మనకు మర్యాద. ఇనుప చట్రముమీద గొడుగును నిలిపి, ఇటుకల బరువుతో అదిమినచో రంధ్రముల అవసరమే లేదు. మా మేడమీద అట్లే చేసినాము. రెండు వేసవుల ధూళి గాలివానలకు అది కదలలేదు.

ఒక మెట్లదారి మీద నాలుగిండ్లు ఉన్నచో నాలుగు గొడుగులెందుకు? నాలుగు తీగలకు వీలైన ఎల్.ఎన్.బి. దొరకును. ఒకే గొడుగునుండి నాలుగు ఇండ్లకు నాలుగు తీగలు తీయవచ్చును. అయితే ఒక్క తీగను మధ్యలో చీల్చి ఇద్దరు పంచుకొనుట పనికిరాదు. ఏ రకపు తరంగము కావలెనో పెట్టెయే 13 వోల్టులో, 18 వోల్టులో పైకి పంపి ఎల్.ఎన్.బి.కి చెప్పును. రెండు పెట్టెలు ఒకే తీగమీద రెండు విధముల ఆజ్ఞలు పంపినచో, ఇద్దరు ఆఫీసర్లక్రింద పనిచేయు గుమాస్తా గతియే దానికి పట్టును. అన్నట్లు, ఈ విద్యుత్తు కారణముగానే తీగను ఊడదీయునపుడును బిగించునపుడును పెట్టె స్విచ్చి కట్టివేయవలెను.

పెట్టె వెనుకవైపు చూచుట మూడవ పని. మీ టెలివిజన్ పాత గాజుతెర రకమైనచో పసుపు, తెలుపు, ఎరుపు రంగుల మూడు రంధ్రములు కావలెను. క్రొత్త పలుచని తెరయైనచో హెచ్.డి.ఎం.ఐ. కావలెను. రెండును ఉన్న పెట్టె కొన్నచో తెర మార్చినను పెట్టె మార్చనక్కరలేదు. రిమోటు తెలుగువారి ఇండ్లలో ఎంతకాలము బ్రతుకునో మీకు తెలియును; అదే రకము రిమోటు విడిగా బజారులో దొరకునా యని అడుగుట తెలివితక్కువ కాదు. పెద్దవారున్న ఇంట మీటలు పెద్దవిగా, అంకెలు స్పష్టముగా ఉండవలెను. రికార్డింగు, ఆటలు, యు.ఎస్.బి. మొదలగు అలంకారములకు నేను ఎక్కువ విలువ ఇయ్యను.

క్రొత్త టెలివిజన్ కొనదలచినవారు మరియొక సంగతి గమనించవలెను. ఉపగ్రహ ట్యూనరు లోపలనే ఉన్న టెలివిజన్లు వచ్చుచున్నవి. అట్టివానికి గొడుగు తీగను నేరుగా వెనుక బిగించినచో ఉచిత ప్రసారములు వచ్చును. వేరు పెట్టె అక్కరలేదు, రెండు రిమోట్ల బాధ లేదు. భారతీయ ప్రమాణముల సంస్థ దీనికై ఐ.ఎస్. 18112:2022 అను ప్రమాణమును రూపొందించినది. తెర వివరములలో డి.వి.బి.-ఎస్2 అని ఉన్నదో లేదో చదువుకొనుడు. ఇంటర్నెట్టు బాగుగా ఉన్నవారికి 2024 నవంబరు 20న ప్రసారభారతి ఆరంభించిన వేవ్స్ అను ఉచిత యాప్ కూడ కలదు. మా అమ్మకు అది పనికిరాలేదు. వేలు తగిలిన చోటెల్ల ఏదో ఒకటి తెరచుకొనును.

ఇప్పుడు దుకాణదారుడు చెప్పని సంగతి చెప్పెదను. ఫ్రీ డిష్ ప్రధానముగా హిందీ ప్రసారముల వేదిక. తెలుగువారికి దూరదర్శన్ ప్రసారములు కలవు. వార్తలు, సంగీతము, వ్యవసాయము, పాత సినిమాలు కలవు. అంతేగాని మన ఇండ్లలో రాత్రి ఏడు గంటలనుండి స్త్రీలు ఎదురుచూచు ప్రైవేటు ధారావాహికలు ఇందులో వచ్చునని ఆశపడి పెట్టె కొనవలదు. దానికి కేబులో, చందా డి.టి.హెచ్.యో కావలెను. 2019లో వచ్చిన నియమముల ప్రకారము కనెక్షను రుసుమే 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు ఉండెడిది. 2024 నుండి ఆ రుసుమును నిర్ణయించు స్వేచ్ఛ ఆపరేటర్లకే వచ్చినది. పాత లెక్క ప్రకారమే చూచినను సంవత్సరమునకు 1,840 రూపాయల 80 పైసలు. అనగా రమారమి ఒక ఉచిత గొడుగు, పెట్టె ధర. చెల్లింపు ప్రసారముల వెల దీనికి అదనము. ఎవరి ఇంటి అవసరమేమో వారే తూచుకొనవలెను.

క్రికెట్టు ప్రియులకు మాత్రము ఇందు ఒక విశేషలాభమున్నది. జాతీయ ప్రాముఖ్యము గల ఆటల ప్రసారమును ప్రసారభారతితో పంచుకొనవలెనని 2007లో చట్టము వచ్చినది. అట్లు పంచుకొన్న ఆట దూరదర్శన్ సొంత నేలమీది ప్రసారములోను, ఫ్రీ డిష్‌లోను మాత్రమే రావలెనని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అందుచేత అట్టి ఆట జరుగునపుడు కేబుల్‌లోని దూరదర్శన్‌లో కనబడనిది మన గొడుగులో కనబడును. మా మెట్లదారిలో చందా కట్టు ఇరుగుపొరుగు ఆ రోజులలో మా ఇంటనే టీ త్రాగుదురు. పిల్లలున్నవారికి 2017లో 32 ప్రసారములతో మొదలైన స్వయంప్రభ విద్యా ప్రసారములు కూడ ఇదే ఉపగ్రహము నుండి దిగుచున్నవి. వాటిని దుకాణములోని తెరమీద చూపించమని అడిగి, చూచిన తరువాతనే డబ్బు ఇయ్యవలెను.

నేను చివరకు చేసినది చెప్పెదను. పాత పెట్టెను గుమ్మము ప్రక్కన పెట్టి, ఎంపెగ్-4 పెట్టె కొన్నాను. కొడుకుల ఫీజులలో సర్దుకొని కేబులును మరల పెట్టించినాను. అమ్మ వద్దన్నది. "నీకు ఖర్చు" అన్నది. ఆ మాటకు సమాధానము చెప్పలేక, ఆపరేటరును ఆమె నిద్రించు వేళ పిలిపించినాను. ఇప్పుడు సాయంకాలము ఒక గంట తన ధారావాహిక చూచును. మరి మిగిలిన పగలంతయు ఏమి చేయుచున్నదని మీరు అడుగవచ్చును.

ఒరియా మిత్రుడు క్రొత్త పెట్టెను అమర్చిన నాడు, రిమోటులో ఒక మూలనున్న చిన్న మీటను నొక్కి చూపినాడు. తెర నల్లబడినది. దానిమీద పేర్ల పట్టిక వచ్చినది. అవి ఆకాశవాణి ప్రసారములు. ఇదే గొడుగునుండి, ఇదే పెట్టెలో, దేశభాషల రేడియో కూడ దిగునని నాకు అంతవరకు తెలియదు. పాత పెట్టెలోను ఆ మీట ఉండెనట! మూడు వారములు అమ్మ ఊరక చీరలు చూచినది. పట్టికలో తెలుగు పేరు చూచి నొక్కగానే ఎవరో ఒక స్త్రీ, మన గుంటూరు యాసకు దగ్గరగా, పెసర పైరుకు పట్టిన తెగులును గూర్చి మాట్లాడసాగినది. అమ్మకు ఇప్పుడు పొలము లేదు. అయినను కుర్చీని ముందుకు జరుపుకొని, ఆ తెగులు సంగతి చివరివరకు విన్నది.

నాటినుండి పగటివేళ మా ఇంట టెలివిజన్ నల్లగా ఉండి మాట్లాడుచుండును. నేను ఇంటికి చేరుసరికి వార్తలు ముగిసియుండును. కృష్ణలో నీరు ఎంత వచ్చినదో, తుఫాను ఏ తీరము దాటినదో, చెప్పులు విప్పకముందే ఆమె నాకు చెప్పును.

ప్రశ్నలున్నవారు అడుగవచ్చును. పెట్టెలు వెంట తెచ్చినవారు, దయచేసి రిమోటు కూడ తెచ్చినారో లేదో చూచుకొనుడు.